కప్పుకి పెట్టిన పిడి ఊడిపోకుండా

బరంపురం, పర్లాకిమిడి వైపు కుండల పని నేర్పే చిన్న క్లాసుల్లో చేరేవాళ్లకి ఒక మాట. మొదటి కప్పుకి అరకిలో మట్టి చాలు, అంతకంటే ఎక్కువైతే సారె (కుండలు చేసే చక్రం) మీద మధ్యకి తేవడానికే చేతులు నొప్పెడతాయి. అయితే చాలామందికి పని చెడేది సారె దగ్గర కాదు, పిడి అతికేటప్పుడు.

కప్పు మరీ పచ్చిగా ఉంటే గోడ వంగిపోతుంది. పూర్తిగా ఆరాక అతికితే తడి పిడి ఒక్కటే కుంచించుకుని అతుకు దగ్గర చీలుతుంది. గోరుతో నొక్కితే గుర్తు పడాలి, వేలికి మట్టి అంటకూడదు. అదీ అదను. పిడి కూడా అదే తడిలో ఉండాలి, కాబట్టి ముందే చేసి పక్కన పెట్టుకోండి. అతికే చోట రెండు వైపులా ఫోర్కుతో అడ్డంగా, నిలువుగా గీయండి. అదే మట్టిని పెరుగంత చిక్కగా కలిపి పూసి, కాస్త కదిలిస్తూ నొక్కండి. ఉత్త నీళ్లు రాస్తే పట్టదు.

తర్వాత పాలిథిన్ కవరు వదులుగా కప్పి రెండు రోజులు, తీసేసి ఇంకో వారం నీడలో ఉంచాలి. పిడి సన్నం కదా, ముందే ఆరిపోతుంది. దానికి విడిగా కవరు చుడితే ఇంకా మంచిది. ఫ్యాన్ కింద మాత్రం వద్దు. వానాకాలంలో ఇక్కడి తేమకి వారం చాలదు. చెంపకి ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల తడి ఉన్నట్టే. ఆ తడితోనే కుండలు కాల్చే ఆవంలో పెడితే ఆవిరి పుట్టి పగులుతుంది.

కాల్చడం ఫీజులో కలిసి ఉందో లేదో చేరేముందే అడగండి.