పంచాయతీ నిధులతో ఊరి పని చేయించుకోవడం ఎలా? తీర్మానం దగ్గర పొరపాటు చేయకండి

పన్నెండేళ్లుగా అనంతపురం జిల్లాలో మా పంచాయతీ పనుల వెంట తిరుగుతున్నాను. డబ్బుల్లేక ఆగిన పనులు ఉన్నాయి, కాదనను. కానీ డబ్బుండి కూడా ఆగిన పనులే నన్ను ఎక్కువ బాధపెట్టాయి, అవన్నీ ఆగింది గ్రామసభ తీర్మానం దగ్గరే.

ముందుగా ముప్పై మీటర్ల టేపు, ఫోను, స్థలం సర్వే నంబరు సిద్ధం చేసుకోండి. నంబరు గ్రామ సచివాలయంలో సర్వేయర్‌ని అడిగితే చెప్తారు. అడుగులేసి కొలవద్దు, టేపుతోనే కొలవాలి.

తర్వాత ఏ పద్దు అనేది తేల్చుకోండి. 2021-26కి కేంద్రం నుంచి పంచాయతీలకు వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం టైడ్ గ్రాంటుగా ఇచ్చారు, అంటే తాగునీటికి, పారిశుద్ధ్యానికి మాత్రమే. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది, జీతాలకు మాత్రం కుదిరేది కాదు. కుంట పూడిక లాంటి మట్టి పనులకు ఈ డబ్బు ముట్టుకోవద్దు, అవి ఉపాధి హామీ పనుల్లో పెట్టించండి. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదలైందే మన నార్పల మండలం బండ్లపల్లిలో, మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక తీర్మానం. ఇక్కడ తొందరపడకండి.

మా ఊళ్లో ఒకసారి "బీసీ కాలనీలో మురుగు కాలువ నిర్మించుటకు తీర్మానించడమైనది" అని రాసి ఊరుకున్నాం. కాలనీలో మూడు వీధులున్నాయి. కొలతలకు వచ్చినాయన నేల చదునుగా ఉందని పై వీధిలో ముగ్గు పోయించాడు, అక్కడే కట్టేశారు. నీళ్ల ట్యాంకు దగ్గర మురుగు అట్లే నిలబడింది. ఆడవాళ్లు ఇప్పటికీ కొళాయి దాకా పరిచిన నాలుగు రాళ్ల మీద అడుగులేసుకుంటూ బిందె చంకన పెట్టుకొని వస్తారు. అడిగితే "కాలనీలోనే కట్టాం కదా" అన్నారు. కాగితం ప్రకారం వాళ్లదే రైటు.

అందుకే ఇలా రాయించండి: "సర్వే నంబరు ఫలానాలో, రామాలయం మలుపు నుంచి నీళ్ల ట్యాంకు మీదుగా వంక దాకా, వీధికి ఎడమ పక్క, 140 మీటర్ల పొడవున మురుగు కాలువ కట్టడానికి, ఆర్థిక సంఘం టైడ్ గ్రాంటు నుంచి." ఎక్కడి నుంచి, ఎక్కడి దాకా, ఏ పక్క, ఎంత పొడవు, ఏ పద్దు. ఈ ఐదింటిలో ఒక్కటి లేకపోయినా సంతకం పెట్టకండి.

ఇంకో మాట. "ముందు సంతకాలు చేయండి, తర్వాత రాసుకుంటాం" అని ఖాళీ పేజీ చూపిస్తే అస్సలు వేలిముద్ర వేయొద్దు. రాసింది గట్టిగా చదివించాలి, చివరి వాక్యం కింద గీత కొట్టించాలి, ఆ తర్వాతే సంతకాలు. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే, చదవమని అడిగే హక్కు మీకుంది. సభ రచ్చకట్ట దగ్గర సాయంత్రం ఏడు తర్వాతే పెట్టించండి. పగలు పెడితే శనక్కాయ చేలల్లో ఉన్నవాళ్లు రారు, పది మందితో ముగించేస్తారు.

చాలామంది ఇదంతా వదిలేసి ఎమ్మెల్యే కారు ఆపి అర్జీ ఇస్తారు, లేదంటే సోమవారం కలెక్టరేట్‌లో లైన్లో నిలబడతారు. ఆ అర్జీ తిరిగి తిరిగి "పరిశీలించగలరు" అని మళ్లీ మన పంచాయతీకే వస్తుంది. బస్సు ఛార్జీ దండగ. తీర్మానం పుస్తకంలో ఉంటే సర్పంచ్ మారినా పని అడగొచ్చు.

ఏటా అక్టోబరు 2 నుంచి మొదలయ్యే ప్రణాళిక సభల్లోనే ఇది పెట్టించండి. తర్వాత పంచాయతీ పనుల వివరాలుండే ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైటులో మన ఊరి పేరు కొట్టి, పని ఎక్కిందో లేదో చూసుకోండి, ఎవరైనా చూడొచ్చు. అంచనాలు, సాంకేతిక అనుమతులు ఇంజనీరింగ్ వాళ్లు చూసుకుంటారు.

తీర్మానం జిరాక్స్ మాత్రం మర్నాటికే తీసిపెట్టుకోండి. ముగ్గు పోసే రోజు ఆ కాగితం, టేపు పట్టుకొని మీరు అక్కడుండాలి. చేలో పనుంటే ఇంట్లో ఇంకొకరిని పంపండి.