కుక్క అలిగింది అనుకునే ముందు దాని అరికాళ్లు చూడండి

పోయిన మే నెలలో మా జున్ను నా దగ్గరికి రావడం మానేసింది. గొలుసు చేతిలోకి తీసుకుంటే చాలు, మంచం కిందికి దూరేది, పిలిస్తే మొహం అటు తిప్పుకునేది. అంతకుముందు పెళ్లి పనుల మీద నాలుగు రోజులు జమ్మలమడుగు పోయి వచ్చాను కాబట్టి, వదిలేసి పోయానని అలిగిందిలే అని ఇంట్లో అందరం అనుకున్నాం, బతిమాలాం, చికెన్ ముక్కలు పెట్టాం. వారం తర్వాత అమ్మ దాని కాలు తిప్పి చూస్తే అరికాలి మెత్తల మీద బొబ్బలు. ఊరి నుంచి వచ్చాక నేను దాన్ని సాయంత్రం ఐదుకే తిప్పుతున్నాను. కడపలో ఎండాకాలం ఐదంటే రోడ్డు ఇంకా పెనంలా ఉంటుంది, పైగా మా వాకిలంతా నల్ల కడప బండలే, పగలంతా కాగిన ఆ బండలు చీకటి పడ్డాక కూడా చల్లబడవు. నాకు చెప్పులున్నాయి, దానికి లేవు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మనం అలుగుతాం కాబట్టి కుక్క కూడా అలుగుతుందని అనుకుంటాం. కానీ అది మనల్ని సాధించాలని దూరంగా కూర్చోదు. ఎక్కువసార్లు నొప్పో భయమో ఉంటుంది, ముందు నొప్పి సంగతి తేల్చుకోవాలి.

అది మెలకువగా, నెమ్మదిగా ఉన్నప్పుడు ఒళ్లంతా మెల్లగా తడమండి. ఎక్కడ ముట్టుకుంటే ఉలిక్కిపడుతుందో గుర్తుపెట్టుకోండి, డాక్టరుకు అది బాగా పనికొస్తుంది. చెవిలోంచి వాసన వస్తోందా, ఒక పక్క దవడతోనే నములుతోందా, లేచేటప్పుడు వెనక కాళ్లు ఇబ్బంది పడుతున్నాయా చూడండి. చెవుల వెనక, వేళ్ల సందుల్లో గోమార్లు ఉన్నాయేమో వెతకండి (కొన్ని ఊర్లలో పిడుదులు అంటారు). వాటివల్ల వచ్చే ఎర్లీకియా జ్వరంలో కుక్క తిండి మానేసి మూల చేరుతుంది, అచ్చం అలిగినట్టే ఉంటుంది. చిగుళ్లు పాలిపోయినా, ముక్కులోంచి రక్తం వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. కుక్కకు మామూలుగానే ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, మన లెక్కలో అది జ్వరమని పారాసిటమాల్ మాత్ర మాత్రం వేయొద్దు, మనుషుల నొప్పి మాత్రలు దాని ప్రాణం మీదికి తెస్తాయి. సంగటిలో మనం తినే పులుసు కలిపి పెట్టడం కూడా ఆపేయండి, ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను దెబ్బతీస్తాయి.

ఒక్క సందర్భంలో మీరు చెయ్యి వేయకూడదు. కుక్క ఉన్నట్టుండి మనిషిని గుర్తుపట్టనట్టు ఉంటే, చొంగ కారుస్తుంటే, నీళ్లు మింగలేకపోతుంటే, ముఖ్యంగా టీకా వేయించని కుక్కయితే, గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చెయ్యి పెట్టొద్దు. అది రేబిస్ కావచ్చు. కరిచినా, గీరినా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడుక్కుని, అదే పూట ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవాలి.

ఒంట్లో అంతా బాగుందంటే, ఇక మన వైపు చూసుకోవాలి. డ్యూటీ నుంచి వచ్చి, అది పొద్దునెప్పుడో కొరికిన చెప్పు చూపించి అరుస్తాం. అది చెవులు వెనక్కి వాల్చి, తల దించి ఓరగా చూస్తుంది. చూడు, తప్పు చేశానని దానికి తెలుసు అంటాం. అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు దీన్ని పరీక్షించి 2009లో ప్రచురించారు. తినొద్దన్న ముక్క నిజంగా తిన్నదా లేదా అన్నదానితో ఆ మొహానికి సంబంధం లేదని, యజమాని తిడితేనే అలా పెడుతోందని తేలింది. అంటే అది తప్పు ఒప్పుకోవడం కాదు, మన గొంతుకు భయపడటం. రోజూ ఇలా జరిగితే మీరు గేటు తీసిన చప్పుడుకే దూరం పోతుంది.

నిద్ర రాకపోయినా ఆవలించడం, పెదాలు నాక్కోవడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా పక్కకు చూడటం, ఇవన్నీ అది ఇబ్బంది పడుతోందని చెప్పే గుర్తులు. పిల్లలు మెడ వాటేసుకుని ఫోటో దిగేటప్పుడు దాని మొహం చూడండి, తెలుస్తుంది. గుర్రుమంటే కొట్టకండి. కొడితే గుర్రుమనడం మానేసి, ఈసారి చెప్పకుండా కరుస్తుంది.

ఇంట్లోకి కొత్త బిడ్డ రావడం, మన టైమింగ్స్ మారడం, టపాకాయలు, చేతికి రాసుకున్న నొప్పి మందు వాసన, ఇవి కూడా కారణాలే. వేళకు తిండి పెట్టి, వేళకు తిప్పుతూ ఉంటే చాలావరకు మెల్లగా సర్దుకుంటుంది.

మళ్లీ దగ్గర చేసుకోవాలంటే వెంటపడొద్దు. కొంచెం దూరంలో నేల మీద పక్కకు తిరిగి కూర్చోండి, కళ్లలోకి చూడొద్దు. వచ్చి వాసన చూస్తే తల మీద కాదు, ఛాతీ మీద రెండుసార్లు గోకి చెయ్యి తీసేయండి. ఇంకా కావాలంటే అదే దగ్గరికి జరుగుతుంది. జున్నుకు పుండ్లు మానాక ఇంట్లోనే గొలుసు వేసి, తిండి పెట్టి, తీసేసేదాన్ని, బయటికి తీసుకుపోకుండా. గొలుసు చూసి తోక ఊపడానికి రెండు వారాలకు పైనే పట్టింది. ఇప్పుడు ఎండాకాలంలో తెల్లారి ఆరులోపు, రాత్రి ఎనిమిది దాటాకే బయటికి. అప్పుడు కూడా ముందు అరచేతి వెనక భాగం బండ మీద ఆనించి ఏడు లెక్కపెడతాను, అంతసేపు ఉంచలేకపోతే ఆ పూట తిప్పను.