ఇంగ్లిష్ మోడల్ వెర్బ్స్ – 4వ పాఠం: వెళ్ళాలి, వెళ్ళాల్సింది, వెళ్ళాల్సి వచ్చింది

ముందు పోయిన పాఠం బాకీ తీర్చేద్దాం. కెన్, కుడ్ మీద ఇచ్చిన అభ్యాసంలో ఎక్కువమంది తడబడే వాక్యం ఒకటుంది: "నిన్న ఎంతో కష్టపడి చివరికి బీరువా తెరవగలిగాను." దీనికి జవాబు "ఐ వజ్ ఏబుల్ టు ఓపెన్ ఇట్." మీరు "ఐ కుడ్ ఓపెన్ ఇట్" అని రాసి ఉంటే దిద్దుకోండి. "చిన్నప్పుడు చెట్లెక్కగలిగేవాణ్ణి" అన్నట్టు గతంలో ఉన్న శక్తిని చెప్పడానికి కుడ్ సరిపోతుంది. ఒక్కసారి పూనుకుని సాధించిన పనికి వజ్ ఏబుల్ టు గానీ, మేనేజ్డ్ టు గానీ రావాలి. సాధించలేకపోతే మాత్రం "ఐ కుడ్‌న్ట్ ఓపెన్ ఇట్" అని నిక్షేపంగా రాయొచ్చు. ఇక "ఐ కెన్ ఏబుల్ టు" అనే మాట మీ రాతలో ఎక్కడ కనిపించినా కొట్టేయండి. ఆ రెండింటిదీ ఒకే పని, ఒకటుంటే చాలు.

ఇవాళ్టి పాఠం "ఆలి" గురించి. వెళ్ళాలి, చదవాలి, కట్టాలి. తెలుగులో ఈ ఒక్క చేర్పుతో మనకు చాలా పనులు జరిగిపోతాయి. "రేపు బ్యాంకుకి వెళ్ళాలి" అన్నప్పుడు ఎవరు వెళ్ళమన్నారో, వెళ్ళకపోతే ఏమవుతుందో సందర్భాన్ని బట్టి వినేవాళ్ళే అర్థం చేసుకుంటారు. ఇంగ్లిష్‌లో మాట్లాడేవాళ్ళు ఆ సంగతి ముందే తేల్చుకోవాలి. అందుకే అక్కడ మస్ట్, హ్యావ్ టు, షుడ్ అని మూడు దారులున్నాయి.

మస్ట్‌లో మాట్లాడే మనిషి పట్టుదల ఉంటుంది. "ఐ మస్ట్ స్టాప్ స్మోకింగ్" అంటే మానెయ్యాలని నాకు నేనే గట్టిగా అనుకుంటున్నాను. హ్యావ్ టు వాడితే ఒత్తిడి బయటినుంచి వస్తోందని అర్థం. "ఐ హ్యావ్ టు స్టాప్ స్మోకింగ్" అంటే డాక్టరు మానెయ్యమన్నారు. షుడ్ ఉత్త సలహా. "యు షుడ్ స్టాప్ స్మోకింగ్" అంటే మానేస్తే మీకే మంచిది, ఆపై మీ ఇష్టం. మస్ట్‌కీ హ్యావ్ టుకీ మధ్య ఈ గీత రాతిమీద చెక్కిందేమీ కాదు. చాలాచోట్ల ఒకదాని బదులు ఇంకొకటి వాడినా తప్పుపట్టరు. అమెరికాలో రోజువారీ మాటల్లో హ్యావ్ టు ఎక్కువ వినిపిస్తుంది, మస్ట్ తక్కువ. మీరు మాట్లాడేది క్లయింటుతోనో, పై అధికారితోనో అయితే "యు మస్ట్ సెండ్ ఇట్ టుడే" అనకండి, అది ఆజ్ఞాపించినట్టు ఉంటుంది. అదే మస్ట్‌ని ఆప్యాయంగా పిలవడానికీ వాడతారు: "మీరొకసారి మా ఇంటికి రావాలండీ" అంటే "యు మస్ట్ కమ్ టు అవర్ హౌస్ సమ్‌టైమ్." ఇందులో బలవంతం ఏమీ లేదు.

రూపం సంగతి మొదటి పాఠంలోనే చెప్పుకున్నాం కాబట్టి ఇక్కడ ఒక్క ముక్క. మస్ట్, షుడ్ తర్వాత టు రాదు, హి, షి పక్కన కూడా వాటికి ఎస్ చేరదు. హ్యావ్ టు మాత్రం మామూలు క్రియలాగే మారుతుంది: "హి హ్యాజ్ టు గో", "డజ్ హి హ్యావ్ టు గో?", "హి డజ్‌న్ట్ హ్యావ్ టు గో."

ఇక్కణ్ణుంచి కాస్త నెమ్మదిగా చదవండి.

"వెళ్ళాలి"కి వ్యతిరేకం తెలుగులో రెండు రకాలు. "వెళ్ళకూడదు" అంటే వద్దని కట్టడి. "వెళ్ళక్కర్లేదు" అంటే పోయినా మానినా ఫర్వాలేదని. ఈ రెండింటినీ మనం పొరపాటున కూడా కలపం. ఇంగ్లిష్‌లోనూ రెండూ వేరువేరే. కానీ మస్ట్, హ్యావ్ టు దాదాపు ఒకే అర్థం ఇస్తాయి కదా, వాటికి నాట్ తగిలించినా అర్థం ఒకటే ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. "యు మస్ట్ నాట్ గో" అంటే వెళ్ళకూడదు. "యు డోంట్ హ్యావ్ టు గో" అంటే వెళ్ళక్కర్లేదు. "యు నీడ్ నాట్ గో" అన్నా వెళ్ళక్కర్లేదనే.

ఒక దరఖాస్తు ఫారం ఊహించుకోండి. దాని మీద "క్యాండిడేట్స్ నీడ్ నాట్ అటాచ్ సర్టిఫికెట్స్" అని ఉంటే, సర్టిఫికెట్లు జతచేసినా ఎవరూ ఏమీ అనరు. "క్యాండిడేట్స్ మస్ట్ నాట్ అటాచ్ సర్టిఫికెట్స్" అని ఉంటే, జతచేసిన దరఖాస్తును పక్కన పెట్టెయ్యొచ్చు. మందు డబ్బా మీద "మస్ట్ నాట్ బి టేకెన్ ఆన్ యాన్ ఎంప్టీ స్టమక్" అన్న మాట కనిపిస్తే పరగడుపున వేసుకోకూడదని అర్థం. అక్కడ "వేసుకోనక్కర్లేదు" అని చదువుకున్న మనిషి ఆరోగ్యమే దెబ్బతింటుంది. అందుకే ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకునే ఓపిక మీకుంటే, దీన్నే గుర్తుంచుకోమంటాను.

ప్రశ్నకు జవాబిచ్చేటప్పుడు కూడా ఇదే చిక్కు. "మస్ట్ ఐ సైన్ హియర్?" అని ఎవరైనా అడిగితే, అక్కర్లేదని చెప్పడానికి "నో, యు నీడ్‌న్ట్" అనాలి. "నో, యు మస్‌న్ట్" అంటే సంతకం పెట్టడానికి వీల్లేదని చెప్పినట్టు. అన్నట్టు, ఆ మాటలో మస్ట్ చివరి ట పలకదు.

ఇప్పుడు గతంలోకి వెళ్దాం. మస్ట్‌కి భూతకాల రూపం లేదు. దీనికో కారణం ఉంది. పాత ఇంగ్లిష్‌లో "మోటన్" అనే క్రియ ఉండేది. దాని భూతకాల రూపం "మోస్టె". అదే వాడుకలో వర్తమానానికి మారి ఇప్పటి మస్ట్ అయింది. అసలే భూతకాల రూపం కావడంతో దానికి మళ్ళీ గతం ఏర్పడలేదు. ఆ ఖాళీని హ్యాడ్ టు నింపుతోంది.

తెలుగువాళ్ళకు ఇక్కడో గొప్ప సౌకర్యం ఉంది. ఈ మూడు వాక్యాలు పైకి చదవండి.

ఆమె పెందలాడే బయల్దేరాల్సి వచ్చింది.
ఆమె పెందలాడే బయల్దేరాల్సింది.
ఆమె పెందలాడే బయల్దేరి ఉండాలి.

మొదటి వాక్యంలో ఆమె బయల్దేరింది, తప్పలేదు. రెండో దాంట్లో పెందలాడే బయల్దేరలేదు, ఆలస్యం చేసింది, బహుశా రైలు తప్పిపోయింది. మూడో దాంట్లో ఏం జరిగిందో మనం చూడలేదు. వాకిలికి తాళం ఉంది, చెప్పులు లేవు, దాన్నిబట్టి ఊహిస్తున్నాం. ఈ మూడింటి తేడా మీకు ఎవరూ నేర్పలేదు, ఊహ తెలిసిన నాటినుంచీ వాడుతూనే ఉన్నారు. ఇంగ్లిష్‌లో వీటికి ఇలా రాయాలి:

"షి హ్యాడ్ టు స్టార్ట్ ఎర్లీ."
"షి షుడ్ హ్యావ్ స్టార్టెడ్ ఎర్లీ."
"షి మస్ట్ హ్యావ్ స్టార్టెడ్ ఎర్లీ."

ఏది వాడాలో అనుమానం వస్తే వాక్యాన్ని ముందు తెలుగులో అనుకోండి. చివర "ఆల్సి వచ్చింది" వస్తే హ్యాడ్ టు, "ఆల్సింది" వస్తే షుడ్ హ్యావ్, "ఉండాలి" వస్తే మస్ట్ హ్యావ్. "ఇంగ్లిష్ నేర్చుకోవాలంటే ఇంగ్లిష్‌లోనే ఆలోచించు" అనే సలహా మీరు విని ఉంటారు. మిగతాచోట్ల అది పనికొస్తుందేమో గానీ, ఈ ఒక్క చోట నేను దాన్ని ఒప్పుకోను. ఇక్కడ మన తెలుగు మనల్ని తప్పు చెయ్యనివ్వదు.

ఆఫీసులో ఈ తేడా ఎంత ముఖ్యమో చూడండి. మేనేజరు రిపోర్టు గురించి అడిగారు. "పంపే ఉంటాను, ఒకసారి చూస్తాను" అని చెప్పాలంటే "ఐ మస్ట్ హ్యావ్ సెంట్ ఇట్, లెట్ మి చెక్." "నిన్ననే పంపాల్సింది, క్షమించండి" అయితే "ఐ షుడ్ హ్యావ్ సెంట్ ఇట్ యెస్టర్డే, సారీ." "నిన్న రాత్రి కూర్చుని పంపాల్సి వచ్చింది" అయితే "ఐ హ్యాడ్ టు సెండ్ ఇట్ లాస్ట్ నైట్." మూడు వాక్యాల్లో మీ పరిస్థితి మూడు రకాలు. ఇక షుడ్ హ్యావ్ ఎదుటివాళ్ళ మీద వాడితే అది నింద అవుతుంది. "యు షుడ్ హ్యావ్ టోల్డ్ మి" అంటే "నాకు చెప్పాల్సింది కదా" అనే నిష్ఠూరమే. క్లయింటుకు రాసే మెయిల్లో దాన్ని రానివ్వకండి.

హ్యావ్ తర్వాత ఎప్పుడూ మూడో రూపమే రావాలి. షుడ్ హ్యావ్ గాన్, షుడ్ హ్యావ్ వెంట్ కాదు. హి, షి పక్కన కూడా షుడ్ హ్యావే, షుడ్ హ్యాజ్ కాదు. మాటల వేగంలో ఇది "షుడవ్" అని వినిపిస్తుంది కాబట్టి ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళలోనూ కొందరు హ్యావ్ బదులు ఆఫ్ అని రాసేస్తారు. వాళ్ళు రాశారని మీరు రాయకండి.

మస్ట్ హ్యావ్‌కి వ్యతిరేకం మస్ట్ నాట్ హ్యావ్ అనుకోవద్దు. "ఆమె ఇంత పొద్దున్నే బయల్దేరి ఉండదు" అనడానికి ఎక్కువగా వాడేది "షి కాంట్ హ్యావ్ స్టార్టెడ్ సో ఎర్లీ."

ఇక చివరిగా షల్. మాటల్లో ఇది దాదాపు "షల్ వి గో?", "షల్ ఐ హెల్ప్?" దగ్గరే మిగిలింది. చట్టంలో మాత్రం దానికి చాలా బలం ఉంది. మన రాజ్యాంగం 14వ అధికరణం "ది స్టేట్ షల్ నాట్ డినై" అని మొదలవుతుంది. చట్టం ముందు సమానత్వాన్ని ప్రభుత్వం ఎవరికీ నిరాకరించరాదని దాని ఆదేశం. అక్కడ షుడ్ ఉండి ఉంటే అది ఉత్త హితవు అయ్యేది. కొత్త రాష్ట్రాల ఏర్పాటు గురించి చెప్పే 3వ అధికరణంలో "పార్లమెంట్ మే బై లా" అని ఉంది, అంటే పార్లమెంటుకు అధికారం ఇచ్చారు, చేసి తీరాలని చెప్పలేదు. ఆ మేతో వచ్చిన అధికారాన్ని ఉపయోగించే పార్లమెంటు 2014లో ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం చేసింది. ఆ చట్టం 5వ సెక్షనులో హైదరాబాదు పదేళ్ళకు మించకుండా "షల్ బి ది కామన్ క్యాపిటల్" అని రాశారు. మే చేయడానికి వీలిచ్చింది, షల్ చేసి తీరాలంది. ఒప్పందాలు, అద్దె పత్రాలు, ఉద్యోగ నియామక పత్రాలు చదివేటప్పుడు ఈ రెండు మాటల దగ్గర వేలు పెట్టి ఆగండి. సందర్భాన్ని బట్టి కోర్టులు మేని షల్‌గా చదివిన సందర్భాలూ ఉన్నాయి, కానీ సంతకం పెట్టేటప్పుడు దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

వచ్చే పాఠంలో మే, మైట్, వుడ్. సెలవు చీటీల్లో మనం రాసే "మే కైండ్లీ బి గ్రాంటెడ్" సంగతి కూడా అప్పుడే చూద్దాం.

అభ్యాసం. ఇంగ్లిష్‌లో రాయండి, ప్రతిదానికీ ముందు పని జరిగిందో లేదో నిర్ణయించుకోండి.

1. వాన రావడంతో పెళ్ళివాళ్ళు పందిరి లోపలికి మార్చాల్సి వచ్చింది.
2. నువ్వు రసీదు దాచుకోవాల్సింది.
3. రేపు ఆఫీసుకు రానక్కర్లేదు, ఇంటినుంచే చెయ్యండి.
4. పరీక్ష హాల్లోకి ఫోన్లు తేకూడదు.
5. లైట్లన్నీ ఆరిపోయాయి, వాళ్ళు పడుకుని ఉండాలి.
6. బస్సు ఆరింటికి రావాల్సింది, ఇంకా రాలేదు.

ఆరోదానికి రెండు జవాబులు సరైనవే. రెండూ రాయడానికి ప్రయత్నించండి.