ఫలితాల రోజుకు ముందు ఇంజిన్‌ఎక్స్ సర్వర్‌లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఏప్రిల్ వస్తే ఇంటర్ ఫలితాలు, వెనకే పదో తరగతి, ఆ తర్వాత ఈఏపీసెట్. కాలేజీలు, పత్రికలు, కోచింగ్ సెంటర్లు నడిపే ఫలితాల పేజీలకు ఏడాదంతా లేని రద్దీ ఒక్క గంటలో వచ్చి పడుతుంది. సైట్ ఆగిపోతే నింద రద్దీ మీదికి పోతుంది. ఎర్రర్ లాగ్ తెరిస్తే మాత్రం చాలాసార్లు ముందురాత్రి హడావుడిగా రాసిన రీడైరెక్టో (వచ్చినవాళ్లను వేరే చిరునామాకు మళ్లించే ఆదేశం), ప్రాక్సీ దగ్గర మరిచిపోయిన హెడరో (అభ్యర్థనతో, జవాబుతో పాటు వెళ్లే అదనపు సమాచారం), ఎవరూ ముట్టుకోని డిఫాల్ట్ అంకో కనిపిస్తుంది. ఇవన్నీ వారం ముందే సరిచేసుకోదగ్గవి. ముందు ఇంజిన్‌ఎక్స్ (అభ్యర్థనలు అందుకుని వెనక్కి చేరవేసే వెబ్ సర్వర్, ఈ చేరవేతనే ప్రాక్సీ అంటారు), వెనక 3000 పోర్టులో ఫలితాలు చూపే అప్లికేషన్, అన్నిటికంటే పైన క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్ (విద్యార్థికీ మీ సర్వర్‌కూ మధ్య నిలిచి పేజీలు అందించే సేవ) ఉన్న అమరికను దృష్టిలో పెట్టుకుని ఈ జాగ్రత్తలు రాస్తున్నాం.

రీడైరెక్ట్: వెనక్కి తీసుకోలేనిది ముందు చూడండి

రీడైరెక్ట్‌తో సర్వర్ పంపే అంకెల్లో 302 అంటే తాత్కాలికం, 301 అంటే శాశ్వతం. ఒకసారి 301 అందుకున్న బ్రౌజర్ దాన్ని దాచుకుంటుంది, మళ్లీ పాత చిరునామా కొట్టినా మీ సర్వర్‌ను అడగకుండానే కొత్తదానికి వెళ్లిపోతుంది. తప్పు చిరునామాకు 301 ఇస్తే, మీరు అయిదు నిమిషాల్లో దిద్దుకున్నా ఆలోపు వచ్చిన ఫోన్లలో ఆ తప్పు అలాగే ఉండిపోతుంది. అందుకే ఫలితాల వారంలో కొత్తగా పెట్టే ఏ రీడైరెక్టయినా 302తోనే పెట్టండి.

హాల్‌టికెట్ నంబరు పోస్ట్ పద్ధతిలో పంపే ఫారమ్ ఉంటే ఇంకో చిక్కు ఉంది. 301, 302 రెండిటికీ బ్రౌజర్లు పోస్ట్‌ను (వివరాలు పంపే పద్ధతి) గెట్‌గా (ఉత్తగా పేజీని అడిగే పద్ధతి) మార్చేస్తాయి. నంబరు దారిలోనే పోతుంది, విద్యార్థికి మళ్లీ ఖాళీ ఫారమే కనిపిస్తుంది. ఫారమ్ వెళ్లే చిరునామాను తాత్కాలికంగా మళ్లించాలంటే పద్ధతిని మార్చని 307 వాడాలి.

రీడైరెక్ట్ రాసే రిటర్న్ వరుసలో హోస్ట్ (సైట్ పేరు) తర్వాత $రిక్వెస్ట్_యూఆర్ఐ రాయాలి. $యూఆర్ఐ అని రాస్తే ప్రశ్నార్థకం తర్వాత ఉన్నదంతా రాలిపోతుంది. అదీకాక $యూఆర్ఐ డీకోడ్ అయిన విలువ కాబట్టి, అందులో కొత్త వరుస అక్షరాలు చొప్పించి నకిలీ హెడర్లు పుట్టించే దాడికి కూడా సందు దొరుకుతుంది.

వాట్సాప్‌లో తిరిగే లింకులు అన్ని రూపాల్లోనూ ఉంటాయి: హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్, ఒక్కోదానికి డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదీ లేనిదీ. ఈ నాలుగూ ఒక్క గెంతులో అసలు చిరునామాకు చేరాలి. సైట్ అసలుదేనని బ్రౌజర్‌కు రుజువు చేసే సర్టిఫికెట్‌లో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న పేరు, లేని పేరు రెండూ తప్పనిసరి. టీఎల్ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనకున్న భద్రమైన కనెక్షన్) కుదిరాకే రీడైరెక్ట్ అందుతుంది కనుక, సర్టిఫికెట్‌లో లేని పేరుతో వచ్చినవాళ్లకు ఎర్ర హెచ్చరిక తప్ప మీ రీడైరెక్ట్ కనిపించనే కనిపించదు. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలు సర్టిఫికెట్ గడువు 90 రోజులు. రెన్యూ అయినా ఇంజిన్‌ఎక్స్ రీలోడ్ చేసేదాకా పాతదే నడుస్తుంది. కాబట్టి డిస్కులోని ఫైలు తేదీని నమ్మకుండా, బయటినుంచి బ్రౌజర్‌లో తెరిచి గడువు చూడండి.

రీడైరెక్ట్ అదే చోట గిరగిరా తిరిగే జబ్బుకు మూలం ఎక్కువగా సీడీఎన్ దగ్గరుంటుంది. క్లౌడ్‌ఫ్లేర్‌లో ఫ్లెక్సిబుల్ మోడ్ పెడితే విద్యార్థి నుంచి సీడీఎన్ దాకా హెచ్‌టీటీపీఎస్, అక్కణ్నుంచి మీ సర్వర్‌కు ఉత్త హెచ్‌టీటీపీ. మీ సర్వర్ ‘హెచ్‌టీటీపీఎస్‌లో రా’ అంటుంది. విద్యార్థి ఉన్నది అందులోనే, మళ్లీ వస్తాడు, మళ్లీ అదే మాట వింటాడు. సర్వర్ మీద సరైన సర్టిఫికెట్ పెట్టి, మోడ్‌ను ఫుల్ స్ట్రిక్ట్‌కు మార్చడమే మందు. జాంగో, లారవెల్ లాంటి అప్లికేషన్ ఫ్రేమ్‌వర్కులు తామే హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లిస్తుంటే, విద్యార్థి వచ్చింది హెచ్‌టీటీపీలోనా హెచ్‌టీటీపీఎస్‌లోనా అని చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్ ఇంజిన్‌ఎక్స్ నుంచి వాటికి అందాలి, దాన్ని నమ్మమని అప్లికేషన్ సెట్టింగుల్లోనూ చెప్పాలి. టెర్మినల్ నుంచి పేజీలు అడిగే కర్ల్ అనే పనిముట్టుతో ఒక్కో గెంతూ విడిగా చూడండి. ఎక్కడికి వెళ్లాలో చెప్పే లొకేషన్ హెడర్‌లో మీరు అడిగిన చిరునామానే కనిపిస్తే అదే చక్రం.

ప్రాక్సీ వరుసలు

కాన్ఫిగరేషన్‌లో లొకేషన్ /ఫలితాలు/ (ఆ దారిలో వచ్చే అభ్యర్థనల కోసం రాసే బ్లాక్) కింద, వాటిని ఎక్కడికి పంపాలో చెప్పే ప్రాక్సీ_పాస్ చిరునామా చివర గీత (/) ఉంటే, ఇంజిన్‌ఎక్స్ ఆ /ఫలితాలు/ ముక్కను తీసేసి మిగతాది వెనక్కి పంపుతుంది. గీత లేకపోతే మొత్తం దారి ఉన్నదున్నట్టు పోతుంది. అంతా బాగున్నట్టుండి పేజీలన్నీ 404 (పేజీ దొరకలేదు) ఇస్తుంటే ముందు ఈ ఒక్క గీతనే చూడండి.

అదే యంత్రంలో వెనకున్న అప్లికేషన్‌ను లోకల్‌హోస్ట్ అని రాయకండి, 127.0.0.1 అని రాయండి. లోకల్‌హోస్ట్ ఐపీవీ6 చిరునామాగా కూడా తేలుతుంది. అప్లికేషన్ ఐపీవీ4లోనే వింటుంటే లాగ్‌లో అప్పుడప్పుడూ 111, కనెక్షన్ రిఫ్యూజ్డ్ కనపడుతుంది.

ప్రాక్సీ_సెట్_హెడర్ వారసత్వం చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. పైన సర్వర్ బ్లాక్‌లో హోస్ట్, ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో పెట్టి, కింద లొకేషన్‌లో ఇంకొక్క హెడర్ కలిపితే, ఆ లొకేషన్‌కు పైవేవీ దిగిరావు. కలపడం కాదు, మొత్తం మార్చేయడమే. అన్నీ ఒక చిన్న ఫైలులో రాసి, ప్రతి లొకేషన్‌లోనూ ఇన్‌క్లూడ్ చేయడం క్షేమం.

అంకెలు

ఇంజిన్‌ఎక్స్‌లో ఒక్కో వర్కర్ (పని చేసే ప్రాసెస్) ఒకేసారి పట్టుకోగల కనెక్షన్ల సంఖ్య వర్కర్_కనెక్షన్స్: డిఫాల్ట్ 512, ఉబుంటు ప్యాకేజీలో 768. ప్రాక్సీ చేసేటప్పుడు ఒక్కో విద్యార్థికి రెండు కనెక్షన్లు: ఇటొకటి, అప్లికేషన్ వైపొకటి. నాలుగు వర్కర్లు, 768 అంటే 3072. ఒకేసారి అందరూ పని మీదుంటే 1,500 మందికి అటూఇటూ. దీన్ని 8192కు పెంచండి. దాంతోపాటు ఒక్కో వర్కర్ తెరవగల ఫైళ్ల పరిమితి అయిన వర్కర్_ఆర్‌లిమిట్_నోఫైల్ కూడా 32768 దాకా పెంచకపోతే లాగ్‌లో 24, టూ మెనీ ఓపెన్ ఫైల్స్ అని వస్తుంది.

లైనక్స్‌లో బయటికి వెళ్లే పోర్టులు మామూలుగా 32768 నుంచి 60999 వరకే, అంటే ఒక గమ్యానికి 28,232. ప్రతి అభ్యర్థనకూ కొత్త కనెక్షన్ తెరిస్తే రద్దీలో ఇవి అయిపోతాయి, లాగ్‌లో 99 నంబరు ఎర్రర్ మొదలవుతుంది. తెరిచిన కనెక్షన్లనే మళ్లీ వాడేందుకు, వెనక అప్లికేషన్ చిరునామా ఉండే అప్‌స్ట్రీమ్ బ్లాక్‌లో కీప్‌అలైవ్ 64 పెట్టి, ప్రాక్సీ హెచ్‌టీటీపీ వెర్షన్ 1.1, కనెక్షన్ హెడర్ ఖాళీ అని రెండు వరుసలు స్పష్టంగా రాసేయండి.

504లు (వెనకనుంచి వేళకు జవాబు రాలేదనే ఎర్రర్లు) వస్తున్నాయని, జవాబు కోసం ఆగే 60 సెకన్ల ప్రాక్సీ_రీడ్_టైమ్‌అవుట్‌ను 300 చేయాలనిపిస్తుంది. వద్దు. డేటాబేస్ నెమ్మదించినప్పుడు ఆ 300 సెకన్లూ కనెక్షన్లు పట్టుకుని కూర్చుంటాయి, కొత్తవాళ్లకు చోటుండదు. లాగ్ ఫార్మాట్‌లో $అప్‌స్ట్రీమ్_రెస్పాన్స్_టైమ్ ముందే చేర్చుకుంటే ఆలస్యం ఎక్కడుందో అంకెలే చెబుతాయి. 499లు (జవాబు రాకముందే అవతలివాళ్లు కనెక్షన్ మూసేసినవి) పెరిగాయంటే విద్యార్థులు ఆగలేక పేజీ మళ్లీ మళ్లీ లోడ్ చేస్తున్నారని అర్థం. అప్పుడు చూడాల్సింది అప్లికేషన్ వేగాన్ని.

క్యాష్ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త

హోమ్ పేజీని, ఫారమ్ పేజీని 10 సెకన్లు క్యాష్ చేసినా (కాపీ దాచి అదే అందరికీ ఇచ్చినా) వెనక భారం బాగా దిగుతుంది. ప్రాక్సీ_క్యాష్_లాక్ ఆన్ చేస్తే ఒకే పేజీ కోసం వేలమంది ఒకేసారి వెనక్కి పోరు. సెట్-కుకీ (బ్రౌజర్‌లో ఆ విద్యార్థి గుర్తును ఉంచే హెడర్) ఉన్న జవాబులను ఇంజిన్‌ఎక్స్ తనంతట తాను క్యాష్ చేయదు. ‘క్యాష్ పని చేయడం లేదు’ అని ఆ హెడర్‌ను పట్టించుకోవద్దని వరుస రాసేస్తుంటారు. దయచేసి అది రాయకండి. దాచిన కాపీని గుర్తుపట్టే డిఫాల్ట్ క్యాష్ కీలో చిరునామాయే ఉంటుంది, కుకీ ఉండదు. లాగిన్ తర్వాత అందరికీ ఒకే చిరునామాలో మార్కులు చూపించే సైట్‌లో, మొదటి విద్యార్థి మార్కుల పేజీ, అతని సెషన్ కుకీతో సహా తర్వాతివాళ్లకు పోతుంది. ఆగిపోయిన సైట్‌ను మళ్లీ లేపవచ్చు, ఒకరి మార్కులు ఇంకొకరికి చూపించాక చేయగలిగిందేమీ లేదు. వ్యక్తిగత పేజీల లొకేషన్‌లో ప్రాక్సీ_క్యాష్ ఆఫ్ అని విడిగా రాయండి.

ఒక్కో ఐపీ నుంచి వచ్చే అభ్యర్థనలకు హద్దు పెట్టే లిమిట్_రెక్ వాడేవాళ్లూ ఆలోచించాలి. మొబైల్ నెట్‌వర్కుల్లో, హాస్టళ్లలో ఎంతోమంది ఒకే ఐపీ వెనక ఉంటారు. సెకనుకు రెండే అంటే హాస్టల్ మొత్తానికి తలుపు మూసినట్టే. సీడీఎన్ వెనకుంటే, విద్యార్థి అసలు ఐపీని గుర్తించే రియల్_ఐపీ సరిచేయనిదే లెక్కకొచ్చేది సీడీఎన్ ఐపీయే.

చివరి రెండు రోజులు

సైట్స్-ఎనేబుల్డ్ ఫోల్డర్‌లో పాత ఫైలు కాపీ పెట్టుకోకండి. డెబియన్, ఉబుంటుల్లో ఆ ఫోల్డర్‌లోని ప్రతి ఫైలూ లోడ్ అవుతుంది, పేరు చివర ఏమున్నా సరే. ‘కన్‌ఫ్లిక్టింగ్ సర్వర్ నేమ్’ హెచ్చరిక వచ్చిందంటే అదే. బ్యాకప్‌లు వేరే చోట ఉంచండి. మార్పు చేసిన ప్రతిసారీ కాన్ఫిగరేషన్‌ను పరీక్షించే ఇంజిన్‌ఎక్స్ -టి ఆదేశం, అది సరే అన్నాకే రీలోడ్. రీస్టార్ట్ వద్దు: సింటాక్స్ తప్పుంటే రీలోడ్‌లో పాత కాన్ఫిగరేషనే నడుస్తూ ఉంటుంది, రీస్టార్ట్‌లో సైట్ ఆగిపోవచ్చు. లాగ్‌లు ఉన్న డిస్కులో ఖాళీ చూసుకోండి.

డీఎన్ఎస్ టీటీఎల్‌ను (సైట్ పేరుకు ఉన్న ఐపీని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే విలువ) రెండు రోజుల ముందే 300 సెకన్లకు దించండి. ఆ రోజు సర్వర్ మార్చాల్సి వచ్చాక దించితే, పాత టీటీఎల్ గడువు తీరేదాకా కొందరు పాత ఐపీకే వెళ్తుంటారు. కొత్త సర్వర్‌ను ముందే పరీక్షించడానికి కర్ల్‌లో రిజాల్వ్ ఆప్షన్ ఉంది, డీఎన్ఎస్ మార్చకుండానే అదే పేరుతో కొత్త ఐపీని అడగవచ్చు. రద్దీ తగ్గి వారం గడిచాక టీటీఎల్ పెంచండి, శాశ్వతంగా ఉంచాల్సిన 302లను అప్పుడు 301గా మార్చండి.