ఆంధ్ర-ఒడిశా సరిహద్దు జిల్లాల్లో వైద్యం చేయించుకునేటప్పుడు మీ అనుభవాన్ని చికిత్సకు ఉపయోగపడేలా ఎలా చెప్పాలి?

ఆసుపత్రిలో రోగికి ఎదురయ్యే అనుభవాన్ని చాలామంది మర్యాదకు సంబంధించిన విషయంగానే చూస్తారు. కానీ డాక్టర్ చెప్పింది అర్థమైందా, రోగి చెప్పింది ఆయన విన్నారా, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఇంటికి పంపేటప్పుడు ఎవరైనా వివరించారా అన్న ప్రశ్నలకు జబ్బు తగ్గడంతో కూడా సంబంధం ఉంది. 2013లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రిక ప్రచురించిన ఒక సమీక్ష 55 అధ్యయనాలను పరిశీలించి, రోగుల అనుభవం బాగున్నచోట చికిత్స ఫలితాలూ రోగి భద్రతా కూడా మెరుగ్గా ఉన్నట్టు ఎక్కువ అధ్యయనాల్లో కనిపించిందని తెలిపింది. ఒకదానివల్లే రెండోది జరుగుతోందని దీనితోనే రుజువు కాదు. అయినా చెప్పింది అర్థమైన రోగి మందులు సరిగా వాడతాడు, ధైర్యంగా మాట్లాడగలిగిన రోగి ఇబ్బంది ముదరకముందే చెబుతాడు. సంబంధం చాలావరకు ఈ దారిలోనే ఏర్పడుతుండవచ్చు.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లోని తెలుగు కుటుంబాలకు ఇది మరింత ముఖ్యం. ఇక్కడివారు ఒకే జబ్బుకు ఒక నెల స్థానిక ప్రభుత్వాసుపత్రికీ, మరో నెల శ్రీకాకుళానికో విశాఖపట్నానికో, అవసరం పెద్దదైతే బరంపురంలో కృష్ణచంద్ర గజపతి పేరున ఉన్న వైద్య కళాశాల ఆసుపత్రికీ వెళుతుంటారు. ఒకచోట రాసిన చీటీ మరోచోటి డాక్టర్‌కు కనిపించదు కాబట్టి, మొత్తం కథ తెలిసినవారు రోగీ ఇంటివారూ మాత్రమే.

1. బయలుదేరే ముందు మందులన్నీ ఒక సంచిలో వేసుకోండి.

చీటీలు మాత్రమే తీసుకువెళితే సరిపోదు. వాడుతున్న మాత్రల అట్టలు, సీసాలు, నాటుమందులు, దుకాణంలో అడిగి కొనుక్కున్న నొప్పి మాత్రలు అన్నీ ఉండాలి. ఉదాహరణకు బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ సంగతే చూడండి. ఒడిశా ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇచ్చిన అట్ట మీద ఆ పేరే ఉంటుంది. పాతపట్నంలోనో శ్రీకాకుళంలోనో కొన్న అట్ట మీద అసలు మందు పేరుతోపాటు కంపెనీ పెట్టిన వేరే పేరు కూడా కనిపిస్తుంది. రెండూ వేరువేరు మందులనుకుని ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. పాదాలు వాస్తాయి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, ఆ వాపుకు మరో మందు మొదలయ్యే ప్రమాదం కూడా ఉంటుంది. అట్టలు పక్కపక్కన పెట్టి చూపిస్తే డాక్టర్‌కు సంగతి వెంటనే తెలిసిపోతుంది.

2. బాగుందనో బాగాలేదనో కాకుండా, ఏం జరిగిందో చెప్పండి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మందులు వాడేవారిలో కొందరికి పొడిదగ్గు వస్తుంది. దగ్గు భరించలేక రోగి మాత్ర మానేస్తాడు, డాక్టర్ కోప్పడతారేమోనని ఆ మాట దాచేస్తాడు. తరువాతిసారి బీపీ ఎక్కువగా కనిపించేసరికి, మందు పనిచేయడం లేదనుకుని డాక్టర్ మోతాదు పెంచుతారు. అదే రోగి "డాక్టర్ గారూ, ఈ మాత్ర మొదలుపెట్టినప్పటి నుంచి రాత్రిపూట పొడిదగ్గు వస్తోంది, అందుకే పది రోజులుగా వేసుకోవడం లేదు" అని చెప్పి ఉంటే, దగ్గు రానివ్వని మరో రకం మందుకు మార్చే వీలుండేది. మాత్ర మానేసిన సంగతి చెప్పడం తప్పు ఒప్పుకోవడం కాదు, అది డాక్టర్‌కు కావలసిన సమాచారం. మందు వికటిస్తోందనిపిస్తే మీ అంతట మీరు మానేయకుండా ముందే అడగడం ఇంకా మంచిది.

3. మాట దాటవేయని మనిషిని వెంట తీసుకువెళ్లండి.

డాక్టర్ ఒడియాలో మాట్లాడితే, రెండు భాషలూ బాగా వచ్చిన పెద్దవారు పక్కన ఉండాలి. బడికి వెళ్లే పిల్లవాడి చేత అనువాదం చేయించకండి. ఆడవారి సమస్యలు పిల్లల ఎదుట చెప్పలేరు, పిల్లలు చెప్పినా సగం వదిలేస్తారు. అవసరమైతే మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి. వెంట వచ్చినవారు "ఏం ఫర్వాలేదన్నారు" అని కుదించి చెప్పకుండా, డాక్టర్ అన్న ప్రతి మాటా చెప్పాలని ముందే అనుకోవాలి.

4. గది నుంచి బయటికి వచ్చేముందు విన్నది తిరిగి అప్పజెప్పండి.

"నాకు అర్థమైంది చెబుతాను, సరిగ్గా ఉందో లేదో చూడండి" అని అడిగి, మీ మాటల్లో చెప్పండి. చీటీ మీద 1-0-1 అని ఉంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని అర్థం. అన్నానికి ముందా తరువాతా, ఎన్నాళ్లు, ఏ లక్షణం కనిపిస్తే మళ్లీ పరుగెత్తుకుని రావాలి అన్నవి కూడా అడిగి, మీరు చదవగలిగే లిపిలో అదే కాగితం వెనుక రాసుకోండి.

5. ఆసుపత్రికి అభిప్రాయం రాయండి.

తృప్తి వేరు, అనుభవం వేరు. 2012లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, డాక్టర్ల పట్ల అత్యధిక తృప్తి వెలిబుచ్చినవారిలో ఖర్చూ మరణాలూ కూడా ఎక్కువగానే కనిపించాయి. అడిగిన ఇంజెక్షన్ వేసినందుకు కలిగే తృప్తి వైద్యం మంచిదనడానికి గుర్తు కాదని నేను గట్టిగా నమ్ముతాను. అందుకని 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ రోగుల అభిప్రాయాలు తెలుసుకోవడానికి ప్రారంభించిన మేరా అస్పతాల్ నుంచి ఫోనో సందేశమో వచ్చినా, ఆసుపత్రిలో ఫిర్యాదుల పెట్టె ఉన్నా, జరిగినదే రాయండి. "సిబ్బంది మంచివారు కాదు" అంటే దిద్దుకోవడానికి ఏమీ దొరకదు. "మందులిచ్చే కిటికీ దగ్గర ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పలేదు, కవరు మీద రాయలేదు, మా అత్తగారు షుగరు మాత్ర రెండు రోజులు తప్పుగా వేసుకున్నారు" అని తేదీతో రాస్తే, ఆ కిటికీ దగ్గర ఏం మార్చాలో ఆసుపత్రివారికి తెలుస్తుంది.