నూగు రాలే కుక్క బొచ్చు నూలును సరిచేసిన తీరు (నా అనుభవం)

సమోయెడ్ జాతి కుక్క బొచ్చుతో వడికిన నూలు టోపీగా అల్లగానే భుజాల నిండా తెల్లటి నూగు రాలింది. తప్పు రెండుచోట్ల దొరికింది. మెత్తటి లోబొచ్చుతో పాటు బిరుసైన పై వెంట్రుకలూ ఏకుల్లోకి (వడకడానికి దువ్వి చుట్టిన బొచ్చు చుట్టల్లోకి) పోయాయి. అవి పురిలో (నూలు మెలికలో) నిలవవు, మొనలు బయటికొచ్చి నుదుటికి గుచ్చుతాయి. పైగా పురి చాలలేదు.

ఈసారి ఆ బిరుసు వెంట్రుకల్ని చేత్తో ఏరేశాను. కత్తిరించిన బొచ్చు అసలు వద్దు, దువ్వెనకు వచ్చిందే వాడాలి. రెండంగుళాలకు తక్కువున్నది తీసేయడం మేలు. కుక్క బొచ్చుకు గొర్రె ఉన్నికున్నంత వంకీ ఉండదు, అందుకే అల్లిక ఒకసారి సాగితే అలాగే ఉండిపోతుంది. 60 గ్రాముల బొచ్చుకు 40 గ్రాముల మెరినో జాతి గొర్రె ఉన్ని కలిపి ఏకులు చేసి, పురి గట్టిగా ఇచ్చి, రెండు పోగుల్ని ఎదురు పురితో పేనాను. నల్లబట్ట మీద రుద్దితే ఒకటి రెండు పోచలే అంటాయి. ఉత్తర అమెరికా పడమటి తీరంలో సాలిష్ ఆదివాసీ తెగల నేతగత్తెలు కూడా కుక్క బొచ్చులో కొండమేక ఉన్ని కలిపేవారు.

వాసన పోవాలంటే చిలపల్ని (నూలు చుట్టల్ని) షాంపూ కలిపిన గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, అంతే వెచ్చదనమున్న నీళ్లలో రెండుసార్లు ముంచి తీయాలి. పిసికారంటే ముద్దకట్టేస్తుంది, ఇక విడదీయలేం.