‘నాకిలా జరిగింది’ అని ఎవరైనా చెబితే ఏం చేయాలి?

లైంగిక దాడి జరిగాక చాలామంది మొదట చెప్పుకునేది పోలీసులకో డాక్టర్‌కో కాదు, స్నేహితురాలికో అక్కకో పిన్నికో. అమెరికా పరిశోధకురాలు శారా ఉల్‌మన్ ఏళ్ల తరబడి గమనించింది, అలా మొదట విన్నవాళ్లు ఎలా స్పందిస్తారన్నదే. నమ్మనట్టు మాట్లాడటం, తప్పు ఆమె మీదకే నెట్టడం, ఆమెను అడక్కుండా నిర్ణయాలు చేసేయడం ఎదురైనవాళ్లలో మానసిక గాయం లక్షణాలు ఎక్కువగా కనిపించాయి.

1. ముందు వినండి

మాటలు ముక్కలుగా, వెనకాముందుగా వస్తాయి. పూసగుచ్చినట్టు చెప్పమనొద్దు. అంతా వెంటనే చెప్పించేస్తే మనసు తేలికవుతుందని మనకో నమ్మకం ఉంది గానీ, పరీక్షించి చూస్తే దానివల్ల మేలు కనబడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అలా చేయొద్దనే అంటుంది. ఆమె ఆగితే మీరూ ఆగండి. “నువ్వు చెప్పింది నమ్ముతున్నా, ఇందులో నీ తప్పు లేదు” అంటే చాలు.

2. ‘అరవొచ్చుగా?’ అని అడగొద్దు

ఎక్కువమంది జారేది ఇక్కడే. ప్రాణభయంలో కొందరికి కాళ్లూ చేతులూ ఆడవు, నోరు పెగలదు. ఇది పిరికితనం కాదు, ఒప్పుకోవడం అసలే కాదు. శరీరం తనంతట తాను చేసే పని. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల అత్యవసర క్లినిక్‌కు వచ్చిన 298 మంది మహిళలను అడిగితే, 70 శాతం మంది దాడి సమయంలో గణనీయంగా కొయ్యబారిపోయారని తేలింది. 48 శాతం మందిలో అది తీవ్రంగా ఉంది. ఆరు నెలల తర్వాత తీవ్రమైన డిప్రెషన్, పీటీఎస్‌డీ (భయానక అనుభవం తర్వాత వదలకుండా వెంటాడే మానసిక సమస్య) ఎక్కువగా కనిపించిందీ అలా కొయ్యబారినవాళ్లలోనే. 2017లో వచ్చిన అధ్యయనం ఇది. అంటే ఈ ప్రశ్న గుచ్చుకునేది అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నవాళ్లకే.

మన కోర్టులూ ఇదే అడిగాయి. పోలీస్ స్టేషన్‌లో ఒక గిరిజన అమ్మాయిపై జరిగిన అత్యాచారం కేసులో, ఒంటిమీద గాయాల్లేవన్నది ఒక కారణంగా 1978లో సుప్రీంకోర్టు నిందితులను వదిలేసింది. మరుసటి ఏడాది నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు, 1983లో చట్టం మారింది. ప్రతిఘటించనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని 2013 సవరణ తేల్చి చెప్పింది.

‘ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా’ అనే సామెతనూ పక్కన పెట్టండి. లోకం న్యాయంగానే నడుస్తుందని నమ్మాలనుకునే మనిషి, దెబ్బతిన్నవాళ్లలోనే తప్పు వెతుకుతాడని మనస్తత్వవేత్త మెల్విన్ లెర్నర్ 1960లలోనే ప్రయోగాల్లో చూపించాడు. ఆ సామెతతో ధైర్యం వచ్చేది మనకే, ఆమెకు కాదు.

3. మొదటి 72 గంటలు

హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. గర్భం రాకుండా వేసే అత్యవసర మాత్ర కూడా ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, ఐదు రోజుల వరకూ పనిచేయొచ్చు. ఎఫ్‌ఐఆర్ లేకపోయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా చికిత్స చేయాల్సిందే. అయితే ఆసుపత్రి పోలీసులకు సమాచారం ఇస్తుంది, ఆ సంగతి ఆమెకు ముందే చెప్పండి. ఫిర్యాదు ఆలోచన ఉంటే స్నానం చేయకుండా వెళ్లడం, అప్పటి బట్టలు కాగితం సంచిలో దాచడం మేలు. స్నానం చేసేసినా ఫర్వాలేదు, వెళ్లండి. యోనిలో వేళ్లు పెట్టి చూసే ‘రెండు వేళ్ల పరీక్ష’ చేస్తే దాన్ని దుష్ప్రవర్తనగా చూడాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

4. నిర్ణయం ఆమెదే

“ఇప్పుడు ఏం చేద్దామనుకుంటున్నావు?” అని అడగండి. ఫిర్యాదు ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, పరిధితో పనిలేదు. అత్యవసరమైతే 112, మహిళల హెల్ప్‌లైన్ 181. బాధితులకు కావాల్సిన సాయమంతా ఒకేచోట అందించే సఖి కేంద్రాలు జిల్లాల్లో, భరోసా కేంద్రాలు తెలంగాణలో ఉన్నాయి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలైతే మాత్రం ‘నిర్ణయం ఆమెదే’ అన్న మాట వర్తించదు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చైల్డ్‌లైన్ 1098. మగపిల్లల విషయంలోనూ అంతే, వాళ్ల మాటా నమ్మండి.

5. ఆ తర్వాతి నెలలు

1992 నాటి ఒక అమెరికా అధ్యయనంలో దాడి జరిగిన రెండు వారాలకు 94 శాతం మందిలో పీటీఎస్‌డీ లక్షణాలున్నాయి, మూడు నెలలకు అవి 47 శాతం మందిలో మిగిలాయి. కాబట్టి మొదట్లో నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం చూసి కంగారు పడొద్దు. ప్రశాంతంగా ఉందని అనుమానించనూ వద్దు. బోస్టన్‌లో బాధితులను గమనించిన పరిశోధకులు బర్జెస్, హోమ్‌స్ట్రమ్ 1974లోనే రాశారు: కొందరు ఏడుస్తారు, కొందరు ఏమీ జరగనట్టే కనిపిస్తారు. నెల దాటినా పీడకలలు తగ్గకపోతే క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరకు తీసుకెళ్లండి. మనస్తత్వవేత్త ప్యాట్రీషియా రెసిక్ మొదట అత్యాచార బాధితుల కోసమే రూపొందించిన ‘కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ’ (‘తప్పు నాదే’ లాంటి ఆలోచనలను తరచిచూసి మార్చుకునే మాటల చికిత్స) లాంటివి పనిచేస్తాయి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.